పాటకు అడ్డుపుల్ల

మా మరిది ఏ పాటనూ చివరిదాకా తిన్నగా పోనివ్వడు. ఊళ్లోని రేడియో స్టేషన్‌లో పాటలు వేయడం అతని ఉద్యోగం. పాట మంచి ఊపందుకుందా, చటుక్కున మైకు అందుకుంటాడు.

"వదినా, స్టవ్ మీద ఏమైనా పెట్టావేమో చూడు."

అంతే. పాట మళ్లీ తన దారిన తను పోతుంది. కుర్రకారు అతనికి అడ్డుపుల్ల అని పేరు పెట్టారు.

అసలు ఆ స్టేషన్ పుట్టుకే ఒక తమాషా. రేడియోలు అమ్మే షాపాయనకు సరుకు కదలడం లేదు. వినడానికి ఏదైనా ఉంటే కదా జనం కొనేది అని తనే స్టేషన్ పెట్టేశాడు. ఇస్త్రీ షాపు మీద ఒక గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, తలుపుకు దుప్పటి. వేసేవన్నీ గంతులు వేయించే పాప్ పాటలు. మొదటి రోజు హడావుడిలో కిటికీ మూయడం మరిచారు. వీధిలో పోతున్న సైకిల్ గంట పాటలో కలిసిపోయింది. ఇక చూడండి, ఒకటే ఫోన్లు. "ఆ గంట ఉన్న పాట మళ్లీ వేయండి" అని. మర్నాడు మా మరిది సైకిల్‌ను భుజాన వేసుకుని మేడ ఎక్కాడు.

ఊరు ఊగిపోయింది. అంట్లు తోమేవాళ్లు తాళం వేస్తూ తోమారు. షాపాయన రేడియోలన్నీ అమ్ముడుపోయాయి. అంత జోరులో ఉండగా నిరుడు ఈ "వదినా" మొదలైంది.

ఒకాయన ఫోన్ చేసి నిలదీశాడు. "మా ఆవిడ నీకు వదిన ఎప్పుడైందయ్యా? పైగా 'నువ్వు' అని పిలుస్తావా?"

"మీరు నాకంటే పెద్దవారే కదండీ అన్నయ్యా," అన్నాడు మావాడు వినయంగా.

ఆయన మెత్తబడి, "సరే, ఏదైనా హుషారైంది వెయ్యి తమ్ముడూ," అన్నాడు.

కింద ఇస్త్రీ అతనికీ అలవాటైపోయింది. పైనుంచి "వదినా" అని వినబడగానే చొక్కా మీంచి పెట్టె ఎత్తేసేవాడు.

మొన్న నేను మరిదికి క్యారియర్ తీసుకుని మేడ ఎక్కేసరికి షాపాయన కేకలు. గదిలో పాట మోగుతోంది, వీళ్లిద్దరూ వరండాలో ఉన్నారు.

"ప్రకటనలు ఇచ్చేవాళ్లు పారిపోతున్నారు. ఇంకొక్కసారి పాటలో దూరావంటే నీకు ఇక్కడ పని లేదు. అయినా ఊరందరూ నీకు వదినలేనా?"

"ఒక్కర్తేనండి. మిగతావాళ్లు మధ్యలో వచ్చి చేరారు."

"ఎవరా ఒక్కర్తె?"

"మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి పొయ్యి మీద గిన్నె పెట్టి కిటికీ దగ్గర కూర్చుండిపోతుంది. ఒకసారి ఇల్లంతా పొగ. ఇంట్లో ఉండి చూసుకుందామంటే నాకు ఉద్యోగం ఇక్కడాయె. రేడియో మాత్రం కట్టెయ్యదు."

షాపాయన తల తిప్పి నన్ను చూశాడు. "మీరెవరమ్మా?"

"వదినని," అన్నాను.

మరిది కూడా నావంక చూశాడు, కానీ వాడి చూపు వేరు.

"నువ్విక్కడుంటే... స్టవ్ ఆపి వచ్చావా?"

నాకు గుర్తు రాలేదు. కూర పొయ్యి మీదే ఉందేమో. వాడు ఒక్క గెంతులో మైకు దగ్గరున్నాడు.

"పక్కింటి పిన్నిగారూ, మా వదిన ఇక్కడుంది. తాళంచెవి మెట్ల కింద చెప్పుల డబ్బాలో ఉంది. కాస్త స్టవ్ ఆపండి."

ఊరందరికీ మా తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసిపోయింది. పాట అయిపోయింది, ఇంకోటి వేయాలని ఎవరికీ తోచలేదు. ఉద్యోగం పోయినట్టేనని నేను క్యారియర్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఫోన్ మోగింది. షాపాయనే లాక్కున్నాడు.

"ఆపారా? ఎవరూ... ఎదురింటివాళ్లు కూడా వచ్చారా? ఇస్త్రీ అతను కూడానా? అమ్మయ్య." పెట్టేసి నుదురు తుడుచుకున్నాడు. అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో, కూర మాడిందో లేదో అడగనేలేదు," అని మా మరిది వైపు తిరిగాడు. "అలా చూస్తావేం? మైకులో అడుగు."