రెండు దారాల పచ్చ

నిన్న అటక దులుపుతుంటే పాత రేకుడబ్బా ఒకటి దొర్లి కాళ్ల దగ్గర పడింది. మూత తీయగానే గుప్పున టర్పెంటైన్ వాసన. మనుషులు పోయినా ఈ వాసన పోలేదు చూడండి. లోపల నాలుగు మడతల దళసరి కాగితం, దాన్నిండా సూదితో పొడిచిన చిల్లులు. వెలుతురుకు ఎత్తిపడితే ఆ చిల్లుల్లోంచి పూర్ణకుంభం కనపడింది. నడుము పట్టేసి అక్కడే కూలబడ్డాను.

మా నాయన ప్రొద్దుటూరులో బోర్డులు రాసే పెయింటరు. జమ్మలమడుగు, పులివెందుల, లింగాల, తొండూరు, ఎక్కడ కొత్తగా సర్కారు ఆఫీసు తెరిచినా గోడమీద రాష్ట్ర చిహ్నం ఆయన చేతిదే. ఈ కాగితం గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో తట్టితే చుక్కలు చుక్కలుగా కుంభం తేలేది. ఆఫీసువాళ్లు నమూనాకిచ్చే కాగితం మీద చిహ్నం ఒంటిరంగు ముద్రే కాబట్టి రంగులు నాయన ఇష్టం. కుంభానికి పసుపు, అంచుకు ఎరుపు, ఆకులకు పచ్చ.

కానీ నాయన కళ్లకు ఎరుపూ పచ్చా ఒకటే. అది మా ముగ్గురికే తెలుసు. బయటపడితే ఇంక ఆయన్ను పిలిచేదెవరు, మేం తినేదేమిటి? అందుకే అమ్మ ఎర్రరంగు డబ్బాకు ఒక దారం, పచ్చరంగు డబ్బాకు రెండు దారాలు కట్టేది.

ఆ ఏడు పీర్ల పండగకు వీధంతా గుండం పొగ, ఇంట్లో బెల్లం చోంగె రొట్టెలు కాలే కమ్మదనం, పానకంలో మిరియాల ఘాటు, పిల్లలందరి చేతులకూ రంగురంగుల దారాలు. నాకున్న ఒక్కటీ చాల్లేదు. డబ్బాల దారాలు విప్పి ముంజేతికి చుట్టుకుని ఊరేగాను. సాయంత్రం అమ్మ చూడకముందే మళ్లీ కట్టాను, తారుమారుగా. పాపిష్టిదాన్ని.

మర్నాడు జమ్మలమడుగు ఆఫీసులో నాయన అంచు జోలికి పోకముందే ఆకులు ఎర్రగా పూసేశాడు. గుమాస్తా పకపకా నవ్వాడట.

"ఏందప్పా, కండ్లు కనపల్లేదా? ఆకులు ఎర్రగుండాయే!"

నాయనకు గుండె జారినా నోరు జారలేదు. "మామిడి చిగురు ఎర్రగ్గాక ఇంకెట్లుంటాదప్పా?" అన్నాడట. ఆఫీసరుకు ఆ మాట నచ్చి అట్లే ఉంచమన్నాడు.

ఇంటికొచ్చి నాయన అన్నం ముట్టలేదు. "దారాలు ఎవురు మార్చినారు?" అన్నాడు. నాకు తెలియదన్నాను. అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి, పొరపాటు తనదేనంది. ఆ రోజు తిట్లన్నీ ఆమె తింది. నేను గోడవైపు తిరిగి చోంగె తిన్నాను.

రాష్ట్రం విడిపోయాక కొత్త చిహ్నం వచ్చింది. రంగులు కూడా సర్కారే నిర్ణయించింది. బోర్డులన్నీ మిషన్లలో అచ్చయి వచ్చాయి, నాయనను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. అప్పటికి అమ్మ పోయింది. మంచంలో ఉన్న నాయన చేతికి కొత్త చిహ్నమున్న కాగితం ఒకటిచ్చాను. శానాసేపు చూశాడు.

"ఇది ఏం రంగమ్మీ?"

"పచ్చ, నాయనా."

"నిజంగానేనా? ఆ పొద్దు మాదిరి చెప్తాండావా?"

నేను ఆయన దుప్పటి సర్దడం మొదలుపెట్టాను.

"మీయమ్మ ముడి యాడ, నీ ముడి యాడ! పూసినాంక చూసుకున్న్యా. ఆయమ్మే మీదేసుకుండాది గదాని నిన్నేమీ అనకుండా ఊరకుండిపోతి."

ఇప్పుడు నాయనా లేడు. జమ్మలమడుగులో ఆ ఆఫీసు పడగొట్టి కొత్తది కట్టారు, ఎర్రాకుల కుంభం మట్టిలో కలిసింది. డబ్బా అడుగున ఎండిన రంగును గోటితో గీరి చూశాను. పచ్చే. డబ్బా మెడకు రెండు దారాలు అట్లాగే ఉన్నాయి, అమ్మ ముడితో. తప్పు నాదేనని ఆమెకు ఒక్కసారైనా చెప్పలేదు. డబ్బా పారేద్దామని లేచాను గానీ, చేతులు రాలేదు.