పళ్ళపిల్ల బ్రేకు పంచాయితీ

ఆ పిల్లకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. దాంతో ఇప్పుడెవరికీ పని పడటం లేదు. ఇరవై ఆరేళ్ళ మనిషి, ఊరందరి పళ్ళూ వీపున వేసుకుని తిరుగుతుంది కాబట్టి అందరికీ పళ్ళపిల్ల.

కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెకి ఉద్యోగం. ల్యాబు నుంచి క్లినిక్కులకి పళ్ళు, క్లినిక్కుల నుంచి ల్యాబుకి దవడల అచ్చులు, మధ్యలో ఈమె. రోజుకి పాతిక డబ్బాలు తక్కువ కాదు. ఒక్కో డబ్బాలో స్పాంజి ముక్క మీద కూర్చుని ఎవరివో పళ్ళు ఆమెతో పాటు ఊరు చూసొస్తాయి.

"అక్కడ కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని కూర్చుంటాడు. నేను లేటైతే ఈగలు దూరతాయి. ఆ పాపం నాకెందుకు?" అంటుంది.

ఆమెకి ముందు ఈ పని చేసినాయన స్కూటర్ మీద చేశాడు. పళ్ళపిల్ల సైకిల్ మీద చేస్తుంది. అదీ తన చేత్తో తనే కట్టుకున్న సైకిల్. ఫిక్సీ అంటారు దాన్ని. మామూలు సైకిల్ అయితే వాలులో తొక్కడం మానేసి, చక్రాన్ని దాని మానాన వదిలేసి, ఈల వేసుకుంటూ పోవచ్చు. ఫిక్సీ మీద ఆ సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, పెడల్‌తో పాటు కాళ్ళూ తిరగాల్సిందే. అయితే దానికి బదులుగా ఒక వరముంది. ఆపాలంటే బ్రేకు అక్కర్లేదు. తిరుగుతున్న పెడల్‌ని కాళ్ళతో వెనక్కి అదిమిపెడితే చక్రమే మొరాయిస్తుంది. బలంగా అదిమితే టైరు రోడ్డు మీద నల్లగా గీత గీసి, కీచుమని అరిచి మరీ ఆగుతుంది. ఆ అరుపంటే పళ్ళపిల్లకి ప్రాణం.

ఫ్రేము ఆమెకి తుక్కు దుకాణంలో దొరికింది. అప్పటికి దాని మీద ఒక పిల్లి కాపురం ఉంటోంది. పిల్లిని లేపడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు, ఈ ఫ్రేము తనదేనని తేల్చుకోవడానికి. పాత రంగు గరుకు కాగితంతో గీకుతుంటే వారం రోజులు ఇంటిల్లిపాది టీలోనూ దుమ్మే. గేర్లు తగిలించే బొడిపెల్ని రంపంతో కోసేసింది. బస్సుకీ లారీకీ మధ్య సందులో దూరడానికి హ్యాండిల్‌ని రెండు వైపులా కోసి కురచ చేసింది. సీటు వెనక, నంబరు ప్లేటు ఉండాల్సిన చోట, ల్యాబులో పనికిరాదని పారేసిన కోరపన్ను ఒకటి అతికించింది.

బ్రేకు మాత్రం తీగ మీద ఉంది.

ఊళ్ళో ఫిక్సీలు తొక్కేవాళ్ళు పది పన్నెండు మంది. వాళ్ళ పెద్ద పేరు గడ్డం. పేరెందుకొచ్చిందో ముఖం చూస్తే తెలుస్తుంది. అతని షెడ్డు ముందు ఒక ఇనుప తీగ కట్టి ఉంటుంది. గుంపులో చేరాలనుకున్నవాళ్ళు తమ సైకిల్ బ్రేకుని తమ చేత్తోనే విప్పి ఆ తీగకి తగిలించాలి. అందరూ చప్పట్లు కొడతారు. "అవి బ్రేకులు కాదు, భయాలు. ఆరేశాం" అంటాడు గడ్డం. గాలొస్తే ఆ భయాలన్నీ టింగుటింగుమంటాయి. మూడేళ్ళ కింద పళ్ళపిల్ల కూడా తన భయాన్ని అక్కడ ఆరేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఇంట్లో ఇది ఎక్కువ గుచ్చుకుంది తాతకే. అమ్మకి నాన్న, ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి దిగిపోయాడు. బస్సు వదిలేసి ఎనిమిదేళ్ళయినా బస్సు ఆయన్ని వదల్లేదు. టీవీలో కారు మలుపు తిరిగితే చాలు, సోఫాలో కూర్చున్న ఆయన కుడిపాదం కింద చాపని నొక్కేస్తుంది. చాప ఆ ఒక్కచోటే అరిగి చిల్లుపడింది.

"బ్రేకు లేనిది బండి కాదే, పుకారు. ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు" అనేవాడు.

"నా కాళ్ళే బ్రేకులు తాతా. నీ బస్సుకి కాళ్ళున్నాయా?"

"ముప్పై ఒక్క ఏళ్ళు నావే ఉన్నాయి."

ఇలా రోజూ నడిచే కబుర్లే. ఒక గురువారం అవి కబుర్లు కాకుండా పోయాయి. కొత్తగా తెరిచిన క్లినిక్కు ముందు పళ్ళపిల్ల తన పద్ధతిలో కీచుమని ఆగింది. లోపల కిటికీ పక్కన డాక్టరు ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టి ఉన్నాడు. డాక్టరు ఉలిక్కిపడ్డాడు. ఆ నోరుగలాయన ఇంకా ఎక్కువ ఉలిక్కిపడ్డాడు. బయటికొచ్చి డబ్బా అందుకుని, సైకిల్‌ని ముందు నుంచి వెనక దాకా పరీక్షించి, డాక్టరు తిన్నగా ల్యాబుకి ఫోన్ చేశాడు. "మీ అమ్మాయి సైకిల్‌కి అసలు బ్రేకులే లేవండీ!"

ల్యాబు మేడమ్ మాటల్ని కూడా పింగాణీ పన్నులా అరగదీసి, కొలిచి వాడుతుంది.

"బ్రేకు పెట్టు. లేదా స్కూటర్ తీసుకో. రెండూ కాదంటే సంచి ఇక్కడ పెట్టేయ్. సోమవారం దాకా టైము."

"మూడేళ్ళలో ఒక్క పన్ను విరగ్గొట్టానా మేడమ్?"

"విరిగేదాకా చూస్తూ కూర్చోమంటావా?"

పళ్ళపిల్లకి ఒళ్ళు మండింది. స్కూటర్ ఎక్కితే ఉద్యోగం ఉంటుంది, తను ఉండదు. ఎవరో చెప్పారని బ్రేకు పెట్టుకుంటే, పిల్లిని లేపి మరీ తెచ్చుకున్న సైకిల్ ఇంకెవరి సైకిలో అయిపోతుంది.

"నేను ఆపగలనా లేదా అన్నదే కదా మీ అనుమానం? మీ కళ్ళ ముందే ఆపి చూపిస్తా. గీత మీరే గీయండి. దాటితే మీరు చెప్పిన బ్రేకు. దాటకపోతే నా సైకిల్ నా ఇష్టం."

"దాటావో లేదో ఎవరు చెప్తారు?"

"మా తాత. బస్సు డ్రైవరు. చచ్చినా నా వైపు మాట్లాడడు."

మేడమ్‌కి ఆ సాక్షి నచ్చాడు. ఆదివారం పొద్దున, నీళ్ళ ట్యాంకు వాలులో అని ఖాయం చేసుకున్నారు.

నలుగురూ చూస్తారంటే సైకిల్ సాదాసీదాగా ఉంటే ఏం బాగుంటుంది? శనివారం సాయంత్రం పళ్ళపిల్ల వెనక చక్రం విప్పి కూర్చుంది. చక్రం మధ్యలో గొలుసు పట్టే పళ్ళచక్రం ఒకటి మరతో బిగుసుకుని ఉంటుంది. ముందుకి తొక్కితే అది ఇంకా బిగుస్తుంది. వెనక్కి అదిమితే ఊడొద్దామని చూస్తుంది. ఊడకుండా దాని మీద లాక్ రింగు అని చిన్న రింగు, దానికి ఎదురు మర పెట్టి బిగిస్తారు. పళ్ళపిల్ల ఆ రింగుకి నిమ్మపండు పసుపు రంగు కొట్టి కిటికీ గట్టు మీద ఆరబెట్టింది. ఈలోగా గొలుసు తిన్నగా పడుతోందో లేదో చూద్దామని చక్రం ఎక్కించి బిగించింది. పెడల్ చేత్తో ముందుకి తిప్పి చూసింది. బ్రహ్మాండంగా తిరిగింది. తన పనికి తనే మురిసిపోయి వెళ్ళి పడుకుంది.

పొద్దున తాత నడుస్తుంటే పక్కన తొక్కుకుంటూ పోవడం బాగోదని సైకిల్‌ని ట్యాంకు దాకా నడిపించుకునే వెళ్ళింది. రింగు కిటికీ గట్టు మీద హాయిగా ఎండ కాచుకుంటోంది.

వాలు కింద మేడమ్ అప్పటికే వచ్చి ఉంది. సుద్దముక్క దొరకలేదేమో, ల్యాబులో పగిలిన ప్లాస్టర్ దవడ తెచ్చి దాంతోనే రోడ్డుకి అడ్డంగా గీత గీసింది. మన పిల్ల బతుకు ఎవరిదో పైదవడ మీద ఆధారపడింది. గడ్డం, ఇంకో నలుగురూ సైకిళ్ళ మీద వచ్చి వరసగా నిలబడ్డారు. దుకాణాలు ఇంకా తెరవలేదు, ఒక్క పరుపుల షాపు తప్ప. షాపాయన పరుపుల్ని మోసుకొచ్చి బయట గోడకి ఆనిస్తున్నాడు.

తాత కరెంటు స్తంభం దగ్గర రుమాలు పట్టుకుని నిలబడ్డాడు. "ఇది కింద పడ్డాక ఆపడం మొదలుపెట్టాలి. ముందే అదిమావంటే ఒప్పుకోను."

"ముందు నువ్వు అదమకుండా ఉండు తాతా!" అని పైనుంచి అరిచి, పళ్ళపిల్ల వదిలింది సైకిల్‌ని.

కాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి. చెవుల్లో గాలి హోరు. రుమాలు పడింది. పళ్ళపిల్ల ఒళ్ళంతా బిగబట్టి పెడల్‌ని వెనక్కి అదిమింది.

టక్కుమంది.

పెడల్ ఆగలేదు, వెనక్కి తిరిగింది. కాళ్ళు గాల్లో వెనక్కి, ఎవరో వీడియోని తిరగేసినట్టు. చక్రం మాత్రం ముందుకే. గీత ఎప్పుడు దాటిందో తెలీదు. మేడమ్ ఇటు గెంతింది, గడ్డం అటు గెంతాడు, తాత కుడిపాదం తారు రోడ్డుని తన బలమంతా పెట్టి నొక్కింది. సైకిల్ వినిపించుకోలేదు. ఎదురుగా పెద్దరోడ్డు. పక్కన పరుపులు. పళ్ళపిల్ల హ్యాండిల్ పక్కకి తిప్పేసింది. పరుపులాయన నోరు తెరిచాడు. అంత వేగంలోనూ ఆయన పైవరసలో రెండు పళ్ళు లేవని ఆమె గమనించింది. అలవాటు.

డబుల్ కాట్ పరుపు ఆమెని దభీమని కౌగిలించుకుంది. పక్కనున్నది పైన పడింది.

కాసేపటికి పరుపాయన గొంతు వినబడింది. "లేవమ్మా. అది అమ్మకానికి పెట్టింది, పడుకోడానికి కాదు."

మోచెయ్యి గీరుకుపోయింది. హ్యాండిల్ వంకర పోయింది. అంతకుమించి ఏం కాలేదు. అందరికన్నా ముందు గడ్డం వచ్చి చెవి దగ్గర వంగాడు. "రోడ్డు మీద నూనె ఉందని చెప్పు. మన పరువు పోతుంది."

పళ్ళపిల్ల చక్రం వంక చూసింది. పళ్ళచక్రం వదులుగా వేలాడుతోంది. దాని మీద ఉండాల్సిన పసుపు రింగు లేదు. ఒక్కసారిగా కళ్ళ ముందు కిటికీ గట్టు కనిపించింది.

"నూనె లేదు, గీనె లేదు" అంది, అందరికీ వినబడేట్టు. "రంగు వేసి ఆరబెట్టి, రింగు బిగించడం మర్చిపోయా. తప్పు నాది. సైకిల్‌ది కాదు. ఊడింది రింగు లేక. బ్రేకు లేక కాదు."

తాత రొప్పుతూ వచ్చాడు. ముందు మోచెయ్యి తిప్పి చూశాడు, తర్వాత వేళ్ళు ఒక్కొక్కటీ మడిచి చూశాడు. అన్నీ ఉన్నాయని రూఢి చేసుకున్నాక అందుకున్నాడు. "రింగు మర్చిపోయిన రోజు నిన్నెవరు ఆపుతారే? ఊరంతా పరుపులు పరిపిస్తావా?"

"మళ్ళీ మర్చిపోను."

"నేనూ అలాగే అనుకున్నా." తాత గొంతు తగ్గింది. "బ్రేకు భయానికి కాదే పిచ్చిదానా, మరుపుకి. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను రెండుసార్లు మర్చిపోయా. ఏం మర్చిపోయానో మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు."

పళ్ళపిల్ల వంగి సైకిల్‌ని లేపి నిలబెట్టింది.

"గీత దాటావు" అంది మేడమ్.

"దాటాను. కాదనను. ఇంకోసారి వెళ్ళనివ్వండి. బతిమాలట్లేదు మేడమ్. మీ ల్యాబులో పన్ను కొరుకుడుకి సరిపోకపోతే ఏం చేస్తారు? కాస్త అరగదీసి మళ్ళీ పెట్టి చూస్తారు. మనిషిని బోసినోటితో ఇంటికి తోలేయరు కదా?"

మేడమ్ పెదవి ఒక మూల రవ్వంత కదిలింది. "ఇరవై నిమిషాలు."

పళ్ళపిల్ల ఇంటికి పరిగెత్తింది. రింగు రంగు పూర్తిగా ఆరనే లేదు. బిగించేటప్పుడు దాని మీద ఆమె బొటనవేలి ముద్ర పడిపోయింది, ఇప్పటికీ ఉంది. వంకర హ్యాండిల్‌తోనే మళ్ళీ పైకెక్కింది. ఈసారి రుమాలు పడగానే పరుపాయన తన పరుపులకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. అక్కర్లేకపోయింది. కీచుమన్న అరుపుకి కరెంటు తీగల మీద పావురాలు లేచిపోయాయి. ముందు టైరు గీతకి ఇవతలే నిలబడింది. తాత వంగి చెయ్యి పరిచి కొలిచాడు.

"జానెడు ఉంది" అన్నాడు, అన్యాయం చేయలేక.

"నీ సైకిల్ నీ ఇష్టం" అంది మేడమ్. దవడముక్క సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గడ్డం షెడ్డు ముందు పండగే. పళ్ళపిల్ల రాగానే ఈలలు, కేకలు. ఆమె తిన్నగా తీగ దగ్గరికి పోయి, ఒక్కొక్క బ్రేకునీ తప్పించుకుంటూ తనది వెతుక్కుంది. మూడేళ్ళకి తుప్పు పట్టింది గానీ పని చేస్తుంది. తీసి లాగుకి తుడిచింది. ఈలలు ఆగిపోయాయి.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు గడ్డం.

"నాది నేను తీసుకెళ్తున్నా."

"గెలిచావు కదా! ఇప్పుడెందుకు?"

"గెలిచా కాబట్టే. ఓడి పెట్టుకునుంటే ఇది మేడమ్ బ్రేకయ్యేది. ఇప్పుడు నా బ్రేకు."

"భయపడ్డావ్."

"పెద్దరోడ్డు కనబడ్డప్పుడు పడ్డా. ఏం, పడకూడదా? నువ్వు ఎప్పుడూ పడలేదూ? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

గడ్డం గడ్డం గోక్కున్నాడు. "తీగ మీంచి తీస్తే గుంపులో ఉండరు. రూలు తెలుసుగా?"

"తెలుసు. ఏం చేస్తావ్, నన్నూ ఆరేస్తావా?" అంది పళ్ళపిల్ల. "నేను రేపు కూడా వస్తా. బ్రేకుతోనే వస్తా. వాలులో నన్ను దాటినవాడు ఎవడైనా ఉంటే వాడొచ్చి రూలు చెప్పమను."

ఎవరూ రాలేదు.

ఇంట్లో బ్రేకు బిగిస్తుంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. తన మాట నెగ్గిందని ఒక్క ముక్క అనలేదు. ఆయన గొప్పతనం అది. మీటని మాత్రం నొక్కి వదిలాడు, నొక్కి వదిలాడు, మళ్ళీ నొక్కాడు.

"ముట్టుకోకు తాతా, అరిగిపోతుంది."

"ముందు చక్రానికి ఒక్కటేనా?"

"ఒక్కటే. వెనకదానికి నా కాళ్ళున్నాయి. అందులో మాత్రం నువ్వు వేలు పెట్టకు."

సోమవారం మొదటి డబ్బా ఆ కొత్త క్లినిక్కుకే. పళ్ళపిల్ల మీట మీద చెయ్యి కూడా వేయలేదు. రెండు కాళ్ళతో అదిమి, వీధి చివరి దాకా వినబడేట్టు కీచుమనిపించి, సరిగ్గా కిటికీ ముందు ఆగింది. ఆగాక, డాక్టరుకి కనబడేట్టు ఒక్క వేలితో బ్రేకు మీట టకటకా ఆడించింది.

డాక్టరు ఈసారి తెలివైనవాడు. వీధి మలుపులో ఆమె కనబడగానే మనిషి నోట్లోంచి చెయ్యి తీసేసి కూర్చున్నాడు.