వాన వారం పిల్ల

మా బడిలో అందరూ ఆమెను వానటీచర్ అంటారు. నేను అక్కా అంటాను. ఆమె రెండో తరగతికీ నా మూడో తరగతికీ మధ్య ఉన్నది ఒక చెక్క అడ్డు మాత్రమే కాబట్టి, ఆమె పాఠం నా గదిలోకీ నా కేకలు ఆమె గదిలోకీ అడ్డూ ఆపూ లేకుండా వచ్చిపోతుంటాయి. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఆమెకు అసలు కోపం అనేది ఉందో లేదో మూడేళ్లపాటు కనిపెట్టలేకపోయాను.

రోజూ హాజరు వేశాక పావుగంట వాతావరణం చెబుతుంది. ఏడేళ్లు నిండని పిల్లలకు వాతావరణం ఎందుకక్కా, మీ చాదస్తం కాకపోతే, అని మొదట్లో ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేది. ఏడాది మొదటి రోజున "ఇవాళ వేడిగా ఉందా, లేదా?" అని అడుగుతుంది. సగం మంది ఉందంటారు, సగం మంది లేదంటారు, ఎవడో ఒకడు ఆకలిగా ఉందంటాడు. అప్పుడు అందరినీ వరండా స్తంభానికి తగిలించిన, వేడిని కొలిచే గాజుగొట్టం దగ్గరికి తీసుకెళ్లి, ఒళ్లు ఒక్కొక్కరికి ఒక్కోలా చెబుతుందనీ, ఇది మాత్రం అందరికీ ఒకేలా చెబుతుందనీ చూపిస్తుంది. నోటితో ఊదినా, గుప్పిట్లో పట్టుకున్నా అది మనల్నే కొలుస్తుంది తప్ప గాలిని కొలవదని కూడా చెబుతుంది. చెప్పాక వాళ్లు చేసే మొదటి పని ఊదడమే.

గాలికి కర్రకు కట్టిన రిబ్బను ఉంది. వానకు ప్లాస్టిక్ సీసా. మెడ కోసి, గరాటులా తలకిందులుగా బోర్లించి, పక్కన స్కేలు అంటించి, అడుగున గులకరాళ్లు వేసి సున్నా గీత దాకా నీళ్లు పోసిన సీసా అది. దాన్ని చదవాలంటే మోకాళ్ల మీద కూర్చుని కన్ను నీటి మట్టానికి సరిగ్గా ఎదురుగా పెట్టాలి. నీళ్లు అంచుల దగ్గర కొంచెం పైకి పాకి మధ్యలో కుంగి ఉంటాయి, ఆ కుంగిన చోట చదవాలి. నాకు ఈ సంగతి ముప్పై ఏళ్లు వచ్చాక, ఆ చెక్క అడ్డు అవతలి నుంచి విని తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

గోడ మీద గళ్లగళ్ల చార్టు. వారానికి నలుగురు పిల్లలు: ఎండ వారం, గాలి వారం, మబ్బు వారం, వాన వారం. అన్నిటిలోకీ వాన వారానికే గిరాకీ. కానీ దానికున్న నియమాలు వింటే నాకు నవ్వొచ్చేది. వాన పూర్తిగా వెలిసేదాకా సీసా దగ్గరికి వెళ్లకూడదు. బడి లేని రోజు అసలే రాకూడదు. ఆ రోజు గడిలో అడ్డగీత పెట్టాలి. సున్నా పెట్టకూడదు. సున్నా అంటే చూశాం, వాన లేదు అని. గీత అంటే చూడలేదు అని. చూడకపోవడం తప్పు కాదు, అని పిల్లలందరి చేతా ఎక్కాల్లా వల్లె వేయిస్తుంది. ఆ సీసాను కూడా సరిగ్గా ఆటస్థలం నడిమధ్యలో పెట్టించింది. బంతాట ఆడే పెద్దపిల్లలు ఆమెను తిట్టుకోని రోజు లేదు.

వాన పడితే మాత్రం ఆమె వేరే మనిషి. బడి గేటు తీయకముందే వచ్చి గేటు దగ్గర నిలబడేది. పిల్లల్ని మూడుసార్లు లెక్కపెట్టేది. లెక్క సరిపోయినా మొహంలో సరిపోయినట్టు ఉండేది కాదు. వెనక ప్రహరీ వైపు వెళ్లాల్సి వస్తే ఏదో పని కల్పించుకుని నన్ను పంపేది. ఆ ప్రహరీలో పదడుగుల మేర సున్నం రంగు వేరుగా ఉంటుంది. ఒక్కోసారి కిటికీ దగ్గర నిలబడి లోలోపల అంకెలు చెప్పుకునేది. నలభై రెండు, యాభై, యాభై ఏడు. ఏమిటక్కా అంటే ఏం లేదనేది. చెక్క అడ్డు అవతల ఆ గొంతు వినపడుతుంటే నాకు భయమేసేది. దాన్ని దాచడానికి నా పిల్లల మీద ఇంకాస్త గట్టిగా అరిచేదాన్ని.

బడి ఆయా చెప్పగా విన్న కథ ఇది. పదకొండేళ్ల కిందట ఒక తుఫాను రోజు బడికి సెలవిచ్చారు. రెండో తరగతి పిల్ల ఒకతి పొద్దున్నే వచ్చింది. వెనక ప్రహరీ నాని ఉంది, ఆ పిల్ల మీద కూలింది. ఆ పిల్లను అందరూ మిల్లీమీటర్ అని పిలిచేవాళ్లట. ఎవరైనా రాత్రి వాన బాగా పడింది అంటే, బాగా అంటే ఎన్ని మిల్లీమీటర్లు, అని అడిగేదట. తల్లి రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. తాను నిద్ర లేవకముందే పిల్ల తలుపు తీసుకుని వెళ్లిపోయిందని తల్లి చెప్పింది. సెలవని తెలియక వచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు.

పోయిన వానాకాలం పన్ను పీకించుకోవడానికి అక్క రెండు రోజులు సెలవు పెట్టింది. ఆమె క్లాసు నా నెత్తిన పడింది. చార్టు చూస్తే వాన గడి ఖాళీగా ఉంది, గీత కూడా లేదు. ఆ వారం పిల్ల ముందుపళ్లు ఊడిన బక్కపల్చని పాప. మర్చిపోయానంది. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఈ గడి ఇంకోసారి ఖాళీగా కనిపిస్తే బాగుండదు, వాన పడ్డ రోజు కదా అసలు చూడాల్సింది, అని నలుగురిలో గదమాయించాను. ఆ పాప తల ఊపింది.

ఆ మర్నాడే తుఫాను హెచ్చరిక, బడికి సెలవు. పొద్దున ఎనిమిదిన్నరకు అక్క ఫోన్ చేసింది. దవడ వాచి మాట ముద్దగా వస్తోంది. ఈ వారం వాన ఎవరిదని అడిగింది. చెప్పాను. గీత పెట్టాలని గుర్తు చేశావా అని అడిగింది. నేను ఏం చెప్పానో ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోన్ పెట్టేసింది. నాకు విషయం అర్థం కావడానికి చెప్పులు వేసుకునేంత సేపు పట్టింది.

నేను గేటు దగ్గరికి చేరేసరికి అక్క అప్పటికే అక్కడుంది, గొడుగు లేకుండా. గేటుకు తాళం. దాని అవతల, కమ్మీల సందులోంచి దూరి లోపలికెళ్లిన పాప, పాదాల దాకా వేలాడే రెయిన్‌కోటులో, సీసా వైపు నడుస్తోంది. అక్క పిలవలేదు. పిలవలేకపోయింది. నేను అరిచాను. నా అరుపు ఒక పనికొచ్చింది ఆ ఒక్కరోజే. పాప వెనక్కి వచ్చింది. మీరేగా ఖాళీ పెట్టొద్దన్నారు, అని నన్నే నిలదీసింది.

పాపను ఇంట్లో దిగబెట్టాం. వాళ్ల అమ్మమ్మకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. ఇక ఇంటికెళదాం పద అక్కా అంటే, ఆమె ఇంకో వీధిలోకి మళ్లింది. నడుస్తూనే, నా వైపు చూడకుండా, మొత్తం చెప్పింది. మిల్లీమీటర్‌కు జ్వరం వచ్చి ఒకరోజు గడి ఖాళీగా ఉండిపోయిందట. అక్క ఆ పిల్లను చార్టు పక్కన గంటసేపు నిలబెట్టిందట. నా గడులు ఎప్పుడూ నిండుగా ఉంటాయని అప్పట్లో గొప్పగా చెప్పుకునేదాన్ని, అంది. బంతి తగులుతోందని సీసాను వెనక ప్రహరీ పక్కన పెట్టించింది కూడా తనే. గోడ పక్కన పెడితే వాన సరిగ్గా పడదని తెలిసి కూడా.

"గోడ కూలినా సీసా పగల్లేదు," అంది. "రాత్రంతా పడ్డ వానకి పొర్లిపోవాలి. అడుగున వేలెడే ఉన్నాయి నీళ్లు. అంటే చదివి, పారబోసి, మళ్లీ సర్దిపెట్టింది. నేను నేర్పినట్టే. ఎంత చదివిందో దానికొక్కదానికే తెలుసు."

కిటికీ దగ్గర వినపడే అంకెలు ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఆ తల్లికి ఇది చెప్పాలని అక్క పదకొండేళ్లుగా బయలుదేరడం, వెనక్కి రావడం. పిల్ల తనంతట తాను వెళ్లిందనుకుని, తలుపు గడియ వేసుకోలేదని ఆ తల్లి తనను తాను తిట్టుకుంటూ ఉంటుందనీ, నిజం తెలిస్తే కనీసం తిట్టడానికి ఒక మనిషి దొరుకుతుందనీ అంది. నేనైతే వద్దన్నాను. పాత పుండును కెలకడం ఎందుకన్నాను. నా మాట చెవిన పెట్టలేదు.

మిల్లీమీటర్ తల్లి ముందుగదిలో కిటికీ పక్కన మిషన్ మీద పనిచేసుకుంటోంది. చొక్కా చేతులు ఒకవైపు, కాలర్లు ఒకవైపు పేర్చి ఉన్నాయి. మమ్మల్ని చూసి కాలు ఆపింది. కూర్చోమంది. అక్క కూర్చోలేదు. బట్టల మీద నీళ్లు పడతాయని గుమ్మంలోనే నిలబడి, వాచిన దవడతో, నాకు చెప్పినదంతా చెప్పింది. జ్వరం, గంటసేపు నిలబెట్టడం, గోడ పక్క సీసా. ఒక్క ముక్క కూడా తనకు అనుకూలంగా చెప్పుకోలేదు.

ఆ తల్లి తన చేతిలోని గుడ్డను మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది.

"నేను లేచే ఉన్నాను టీచర్," అంది. "ఇక్కడే, మిషన్ మీదే ఉన్నా. చెప్పే వెళ్లింది. గడి నింపకపోతే టీచర్ ఊరుకోదమ్మా అంది. త్వరగా వచ్చెయ్ అన్నాను. తల కూడా ఎత్తలేదు. మర్నాటికి ఇవ్వాల్సిన బట్టలున్నాయి. నిద్రలో ఉన్నానని అందరికీ అబద్ధం చెప్పా. నిజం చెబితే, తల్లివై ఉండి ఆ వానలో ఎలా పంపావని మీరు అడుగుతారని."

నాకు ఇద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది. రెండు వీధుల దూరం. ఒకరు నోరు విప్పి ఉంటే రెండోవాళ్లు విప్పేవాళ్లు. పదకొండేళ్లు ఒకరికొకరు భయపడుతూ ఒకే పిల్ల కోసం విడివిడిగా ఏడ్చారు. ఆ కోపంలో నా కళ్లు నిండిపోయాయి. అక్క ఆమెను ఓదారుస్తుందనుకున్నాను. మీ తప్పేం లేదమ్మా అంటుందనుకున్నాను.

"మీరు పంపకపోయి ఉంటే," అంది అక్క, "మర్నాడు దాన్ని మళ్లీ నిలబెట్టేదాన్ని."