నేను సగమే చదివిన బరువు

2022 వేసవి. తెనాలిలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నేను ఆయాగా చేరి అప్పటికి పద్దెనిమిదేళ్లు. లేబర్ రూమ్ శుభ్రం చేయడం, నొప్పులు పడే తల్లి పక్కన నిలబడటం, పుట్టిన బిడ్డను తుడిచి తూకం వేయడం నా పనులు. చదువు మాత్రం అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. మా సిస్టరమ్మ మధ్యాహ్నాలు ఖాళీ దొరికినప్పుడు మందుల అట్టపెట్టెల వెనక అక్షరాలూ అంకెలూ దిద్దించింది. యాభైకి దగ్గరపడ్డాక కూడబలుక్కుని చదవడం వచ్చేసరికి, కంటపడిన కాగితమల్లా చదవాలనిపించేది. ఆ ఉబలాటమే నా చేత తప్పు చేయించింది.

శిరీష చీరాల కోడలు. మగ్గం నేసే ఇల్లు. తొలి కాన్పుకు నందివెలుగులోని పుట్టింటికి వచ్చింది. తొమ్మిదో నెల స్కానింగ్ రిపోర్టు పట్టుకుని డాక్టరమ్మ గారి కోసం బెంచీ మీద కూర్చుంది.

"ఆయమ్మా, ఇన్ని అంకెలున్నాయేంటి? ఇందులో బిడ్డ బరువేది?"

ఈఎఫ్‌డబ్ల్యూ అనే మూడక్షరాల దగ్గర బరువు ఉంటుందని నాకు తెలుసు. కడుపులో బిడ్డ ఎంత ఉంటుందో కొలతలను బట్టి వేసే అంచనా అది. "మూడు కేజీల తొమ్మిది వందలు" అని బెంచీ అంతా వినేలా చదివాను. దాని పక్కన కూడిక గుర్తు, దాని కింద ఒక గీత, ఇంకో అంకె ఉన్నాయి. అవేంటో తెలియక వదిలేశాను.

"అమ్మో, నాలుగు కేజీలే! కోత తప్పదు" అంది పక్కనున్నావిడ.

శిరీష మొహం పాలిపోయింది. "ఆపరేషనైతే మళ్లీ మగ్గం గుంటలో ఎన్నాళ్లకు కూర్చుంటానో. నార్మల్ అవ్వాలంటే ఏం చెయ్యాలి ఆయమ్మా?"

"అన్నం తగ్గించమ్మా. నువ్వు తినకపోతే బిడ్డ ఇంక పెరగదు. మా అమ్మ నాకూ అట్టాగే చెప్పింది" అన్నాను. ఎంతమందికో చెప్పిన మాటే. ఈసారి చదివి మరీ చెప్పానని గర్వం కూడా.

డాక్టరమ్మ గారు చూసి, కంగారేం లేదు, వారానికి రమ్మన్నారు.

వారం తర్వాత వాళ్లమ్మ ఆ పిల్లను భుజం పట్టుకుని నడిపించుకొచ్చింది. కళ్లు లోతుకు పోయాయి, పెదాలు ఎండిపోయాయి. "అన్నం పెడితే వద్దంటదండి. మజ్జిగ నీళ్లతో సరిపెడతంది" అని తల్లి కళ్లు తుడుచుకుంది.

"ఎవరు చెప్పారు తినొద్దని?" అన్నారు డాక్టరమ్మ గారు.

శిరీష ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. "ఎవరూ చెప్పలేదండి. నాకే ఆకలి లేదు."

ఆ పిల్ల నన్ను కాపాడుతోంది. "నేనే చెప్పానండి" అన్నాను.

ఆవిడ నన్ను కేకలేయలేదు. ముందు బిడ్డ గుండె చప్పుడు విన్నారు. బాగానే ఉందన్నాక సెలైన్ పెట్టించి, రిపోర్టు నా ముందుకు జరిపారు. "ఈ గుర్తేంటి రమణమ్మా?"

"తెలియదండి."

"బరువు అరకేజీ ఎక్కువైనా ఉండొచ్చు, తక్కువైనా ఉండొచ్చు అని. తల్లి పస్తుంటే బిడ్డ చిన్నదవదు. నొప్పులు పడే ఓపికే పోద్ది." తర్వాత శిరీషతో అన్నారు: "నీకు షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉంది. నొప్పులు రానిద్దాం. బిడ్డకు ఇబ్బందైతే ఆపరేషన్ చేస్తా. అదైనా నీ తప్పేం ఉండదు."

ఆ మధ్యాహ్నం నా క్యారేజీ విప్పి పప్పన్నం కలిపి ముద్దలు పెట్టాను.

"ఇప్పుడు బిడ్డ ఇంకా పెరిగితేనో?"

"పెరగనీ తల్లీ. ఎత్తుకోడానికి నేను లేనా?"

మొదటిసారి నవ్వింది. ఇంకో ముద్ద అడిగింది.

తొమ్మిది రోజులకు పొద్దున్నే నొప్పులతో వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి తల బయటికొచ్చింది, భుజం రాలేదు. దీన్ని షోల్డర్ డిస్టోషియా అంటారు. తల వచ్చాక భుజం లోపల ఇరుక్కోవడం. అప్పుడు నిమిషాలే ఉంటాయి. "కాళ్లు పైకి!" అన్నారు డాక్టరమ్మ గారు. ఒక మోకాలు నేను, ఒకటి సిస్టరమ్మ పట్టుకుని పొట్టకు ఆనించాం. ఇంకో సిస్టర్ పొత్తికడుపు కింద చేత్తో అదిమింది. "ముక్కమ్మా, ఇంకొక్కసారి" అంటూనే ఉన్నాను. ఆ ఒక్కసారికి ఆమెలో ఓపిక మిగిలి ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు. శిరీష నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుని ముక్కింది. భుజం జారింది. ఆడపిల్ల. కాసేపు బిగుసుకుని చూసి, ఆనక ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. రెండు చేతులూ బాగానే ఆడిస్తోంది.

తుడిచి తూకం వేశాను. బిడ్డ చేతికి కట్టే పట్టీ మీద బరువు నన్నే రాయమంది సిస్టరమ్మ. రాశాను.

"ఎంతుంది ఆయమ్మా?" అంది శిరీష, ఆయాసపడుతూనే.

"మూడు కేజీల ఆరువందల యాభై."

"పక్కన గుర్తేమైనా ఉందా? సరిగ్గా చూడు."

"ఏం లేదమ్మా. ఇది తూకం" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం, ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లే.

ఇప్పటికీ బెంచీ మీద ఎవరైనా నాకు రిపోర్టు చాపుతుంటారు. నాకిప్పుడు ఆ గుర్తు కూడా చదవడం వచ్చు. అయినా చదవను. కాగితం డాక్టరమ్మ గారికే చూపించమని చెప్పి, పక్కన కూర్చుని ఒకటే అడుగుతాను: "పొద్దున ఏం తిన్నావమ్మా?"