ట్యాంకులో మిగిలిన డీజిల్

ఆ వీధిలో అందరూ ఆయన్ని దుప్పట్ల డ్రైవరు అనేవారు. లాండ్రీ వ్యాను తోలడం ఆయన పని. ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు ఆస్పత్రులకీ లాడ్జీలకీ చేరవేసి, మాసినవి వెనక్కి తెచ్చేవాడు. "సగం ఊరు నా బండి చలవ వల్లే హాయిగా నిద్రపోతోంది" అని గొప్పలు పోయేవాడు. అంతకంటే పెద్ద గొప్ప గేర్ల గురించి. గేరు మారిన సంగతి బండికి కూడా తెలియకూడదట, అదీ ఆయన లెక్క. పక్కన ఎవరైనా గేరు కర్రుమనిపిస్తే ఆయనకి పన్ను పీకినంత బాధ. లాండ్రీ మూతపడ్డప్పుడు యజమాని ఆ వ్యానుని ఆయనకే వదిలేశాడు. ఆ రోజు ఆయన ముఖం చూసినవాళ్ళు ఏదో రాజ్యం చేతికొచ్చిందనుకున్నారు.

రాజ్యం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకనాడు కూడలి దగ్గర కళ్ళు తిరిగి స్టీరింగు మీద వాలిపోయాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు, ఒక గోడకి మాత్రం పెచ్చులూడాయి. డాక్టరు ఇక స్టీరింగు ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పి, మాత్రలు రాసిచ్చాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకటి వేసుకుంటే మిన్ను విరిగి మీద పడ్డా తెలియని నిద్ర.

ట్యాంకు నిండా డీజిల్ ఉండగానే వ్యానుని ఇంటి వెనక సందులో ఉన్న రేకుల షెడ్డులోకి తోయించి తాళం వేయించాడు. తాళంచెవులు భార్య చేతిలో పెట్టాడు.

"దీన్ని ఎవ్వరూ ముట్టుకోకూడదు. నా బండి ఇంకొకళ్ళు తోలుతుంటే చూసి నేను బతకలేను," అన్నాడు.

ఆవిడ సరేనంది. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి గానీ ఆయన ఆ సందులోకి తొంగి కూడా చూడలేదు. దేన్ని వదులుకున్నామో దాన్ని చూడలేకపోవడం చేతకానితనమేమీ కాదు, అది ప్రేమే.

అయితే ఆయనకి కలలు మిగిలాయి. మాత్ర నిద్రలో పడగానే వ్యాను స్టార్టయ్యేది. డీజిల్ వాసన కమ్మగా ముక్కుకి తగిలేది. బండి మెల్లగా కదిలి, సందు మలుపు దగ్గరికి రాగానే రెండో గేరు కర్రుమనేది. ప్రతిసారీ అంతే! కలలో కూడా తన చెయ్యి పాడైపోయిందని ఆయన సిగ్గుతో చచ్చిపోయేవాడు. మలుపు దాటాక మాత్రం చప్పుడనేదే ఉండేది కాదు. ఇంజినూ వినిపించేది కాదు, చక్రాలూ వినిపించేవి కావు. బండి కాలవ పక్క రోడ్డు మీద తేలుతూ పోయేది. వెనక దుప్పట్లు ఇంకా వెచ్చగా ఉండేవి. చెట్ల నీడలు అద్దం మీదుగా ఒకటొకటిగా జారిపోతూ ఉంటే, చేరవలసిన చోటు ఎక్కడో ఆయనకి గుర్తుండేది కాదు, గుర్తుండాలనీ అనిపించేది కాదు. చివరికి ఎక్కడో బ్రేకు పడ్డట్టయి మెలకువ వచ్చేది. చూస్తే భార్య టీ గ్లాసుతో నిలబడి ఉండేది.

"ఇవాళ కూడా రెండో గేరు కొరికిందోయ్," అనేవాడు దిగులుగా.

"కలలో గేరుకి కూడా అంత బాధేమిటండీ?" అంటూ ఆవిడ మొహం తిప్పుకునేది.

కొన్ని రోజులు కల వచ్చేది కాదు. ఆ సాయంత్రాలు ఇంట్లో పిల్లి కూడా ఆయన దరిదాపులకి పోయేది కాదు.

ఇలా ఉండగా షెడ్డు స్థలం ఖాళీ చెయ్యమని దాని ఓనరు కబురు పంపాడు. ఆయన రెండు రోజులు నాన్చాడు. తర్వాత పాత ఇనుము కొనేవాణ్ణి రమ్మన్నాడు. వాడు మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. అప్పుడు పట్టుకుంది ఆయనకి భయం. బండిని ముక్కలు చేశాక ఆ కల ఇంక దేన్నెక్కి వస్తుంది? ఆ మాట ఎవరితోనైనా అంటే నవ్విపోతారు. అందుకని భార్యతో వేరేలా చెప్పాడు.

"పంపించే ముందు ఒక్కసారి స్టార్ట్ చేసి, ఆ చప్పుడు వింటాను. మెకానిక్‌ని పిలువు."

ఆవిడ నీళ్ళు నమిలింది. "ఇప్పుడెందుకండీ? వద్దనుకున్నాక మళ్ళీ దాని మొహం చూడ్డం దేనికి?"

"పిలవమన్నానా!"

మెకానిక్ వచ్చాడు. ఆయన్ని బాబాయ్ అనీ, ఆవిడని పిన్నీ అనీ పిలిచే పక్కవీధి మనిషి. ఎప్పుడూ వాగుతూ ఉండేవాడు కాస్తా ఆ పూట కుక్కిన పేనులా ఉన్నాడు. షెడ్డులోకి వెళ్ళి నేరుగా బండి తాళం తిప్పబోతే దుప్పట్ల డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా! ఇన్నేళ్ళు నిలవున్న డీజిల్ అది. అడుగున నీళ్ళు చేరి ఉంటాయి. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య నల్లటి పాచి పట్టి ఉంటుంది. అలాగే స్టార్ట్ చేస్తే ఆ పాచంతా వెళ్ళి ఫిల్టర్లో ఇరుక్కుంటుంది, పంపు పోతుంది. నా చేతుల్లోనే చావాలా ఇది? ముందు ట్యాంకు అడుగు నట్టు విప్పి, సీసాలోకి కాస్త పట్టు. చూద్దాం."

"పట్టాల్సిందేనా, బాబాయ్?" అని మెకానిక్ పిన్ని వైపు చూశాడు. పిన్ని నేల వైపు చూసింది.

మెకానిక్ బండి కిందికి దూరి, గాజు సీసా నింపి ఇచ్చాడు. దుప్పట్ల డ్రైవరు గుండె చిక్కబట్టుకుని సీసాని రేకుల సందులోంచి పడుతున్న ఎండలోకి ఎత్తాడు. టీ డికాక్షన్ రంగులో ఉంటుందనుకున్నాడు. సీసాలో లేత పసుపు రంగు తేటగా మెరిసింది. వెలుగు దాన్ని దాటుకుని వచ్చి ఆయన చొక్కా మీద పడి వణికింది. ఆయన సీసాని తిప్పి చూశాడు, అడుగున ఒక్క నీటిచుక్క లేదు. వాసన చూశాడు. పులిసిపోయిన పాత రంగుడబ్బా వాసన రావాలి. కానీ వచ్చింది ఆయన కలలో వాసన.

"ఇది మొన్నో అటుమొన్నో బంకులో పోయించిన డీజిల్‌రా," అన్నాడు.

"ఒక్కోసారి పాతది కూడా, బాబాయ్..."

"నాకే చెప్తావా?"

మెకానిక్‌కి ఉన్నట్టుండి కొట్టులో పని గుర్తొచ్చింది. నట్టు బిగించి, చెప్పాపెట్టకుండా జారుకున్నాడు.

దుప్పట్ల డ్రైవరు అప్పుడు బండిని సరిగ్గా చూశాడు. టైర్ల నిండా గాలి ఉంది. అద్దం మీద దుమ్ము లేదు. తలుపు తీసి ఎక్కి కూర్చుంటే సీటు ముందుకి జరిపి ఉంది, మోకాళ్ళు డాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి. కింద ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే వాళ్ళింటి కుర్చీ దిండు.

"నువ్వా?" అన్నాడు.

ఆవిడ తప్పించుకోలేదు. "మొదట్లో బ్యాటరీ చచ్చిపోతుందని స్టార్ట్ చేశానండీ, అంతే. మీరు మళ్ళీ తోలతారేమోనని. ఊరికే ఉంచితే పాడైపోతుందన్నాడు మెకానిక్. ముందుకీ వెనక్కీ కదిలించడం వాడే నేర్పాడు. తర్వాత... తర్వాత నాకే ఇష్టమైపోయింది. మీరు పడుకోగానే ఒక చుట్టు చుట్టి వచ్చేదాన్ని. మీ పక్కన కూర్చుని చూసిన రోడ్లే, నాకు వేరే దారులు తెలీవుగా. వీధిలో అందరికీ తెలుసు. మీకు చెప్పొద్దని నేనే బతిమాలుకున్నాను."

ఆయనకి ముందు వచ్చింది కోపమే. బండి పోయింది, పని పోయింది, కలైనా తనదనుకున్నాడు. ఆ కల కూడా తన చేతిది కాదు! కిటికీ అవతలి సందులో ఎవరో బండి తోలుకుపోతుంటే తను మంచం మీద పడుకుని మురిసిపోయాడు. మలుపు దాటాక చప్పుడు ఎందుకు ఆగిపోయేదో ఇప్పుడు తెలిసింది. మరీ చిన్నపిల్లాడిలా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అంటే ఆ రెండో గేరు..."

"నేనేనండీ. అదొక్కటీ ఇన్నేళ్ళైనా నా మాట వినదు."

"నేను చెప్పాను కదా కల సంగతి. వినగానే మానెయ్యొచ్చుగా? పట్టుబడతానని భయం వెయ్యలేదా?"

"వేసింది. ఒక వారం మానేశాను కూడా. మీకు కల రాలేదు. ఆ వారం మీ మొహం చూడలేకపోయానండీ. అందుకే మోకాళ్ళు నొప్పి పుట్టినా, ఒంట్లో బాగాలేకపోయినా తీసేదాన్ని. మరీ లేవలేని రోజున మాత్రం మీకు కల లేదు."

ఆయన దిండు కేసి చూశాడు. బండి తోలిన చేత్తోనే సాయంత్రం టీ తెచ్చి, ఏమీ ఎరగనట్టు కల ఎలా సాగిందో అడిగి చెప్పించుకునేది. తనని ఇంతగా చూసుకున్న మనిషిని తను ఏనాడూ స్టీరింగు దగ్గర కూర్చోనివ్వలేదు. ఆయనకి ఆ సంగతి చురుక్కున తగిలింది.

ఫోన్ తీసి పాత ఇనుము కొనేవాడికి రావద్దని చెప్పాడు. బండి సందులోనే, కిటికీ పక్కన నిలబెట్టుకోవచ్చు. తర్వాత డ్రైవరు సీటు మీద దిండు సరిగ్గా వేసి, చేత్తో రెండుసార్లు తట్టి కిందికి దిగాడు. ముందునుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, ఎన్నడూ కూర్చోని అవతలి సీట్లో కూర్చున్నాడు.

"మాత్ర వేసుకోలేదు మీరు," అంది ఆవిడ.

"భోజనం కాలేదుగా ఇంకా. ఎక్కు."

ఆవిడ ఎక్కి స్టార్ట్ చేసింది. మెలకువగా ఉండి వింటున్నా అది కలలో చప్పుడే. బండి షెడ్డులోంచి ఎండలోకి వచ్చింది. తమ కిటికీ పక్కనుంచి పోతుంటే లోపల తన మంచం కనబడింది, దాని మీద ఎవరూ లేరు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెదవి కొరుక్కుని గేరు మార్చింది. కర్రుమంది.

క్లచ్ పూర్తిగా తొక్కమనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ బిక్కమొహం వేసుకుని ఆయన వైపు చూసింది.

"బాగానే పడిందోయ్, పోనీ," అన్నాడు.