మ్యాక్ సొరుగు

షికాగో పక్కన షామ్‌బర్గ్ అపార్ట్‌మెంట్‌లో మొదటి రెండేళ్లు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. వంటింట్లోంచి కిటికీ దగ్గరకి, కిటికీ దగ్గర్నుంచి టీవీ దగ్గరకి. డెబ్భై తొమ్మిదిలో పెళ్లయి వచ్చాను. మా ఆయన పొద్దున ఏడింటికి కార్‌లో వెళ్లిపోతే సాయంత్రం దాకా మాట్లాడే దిక్కు లేదు. ఎనభై ఒకటిలో దగ్గర్లోని క్లినిక్‌లో ఫైళ్లు సర్దే పని దొరికింది. మూడు నెలలు ట్రయల్. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికే.

"జాబ్ పర్మనెంట్ చెయ్యకపోతే పోనీలే. ఇంట్లో హాయిగా రెస్ట్ తీసుకోవచ్చు," అన్నారు మా ఆయన.

ఆ హాయి నాకు వద్దు. మళ్లీ ఆ నాలుగు గోడల మధ్యకి వెళ్తే పిచ్చెక్కుతుందని నాకు తెలుసు.

క్లినిక్‌లో నా పైన ఒక పెద్దావిడ ఉండేవారు. వాళ్ల తాతగారు స్కాట్లాండ్ నుంచి వచ్చారట. మొదటి రోజే ఒక పొడుగాటి సొరుగు లాగి చూపించారు. మ్యాక్‌తో మొదలయ్యే ఇంటిపేర్లన్నీ అందులోనే. కొందరు ఎమ్, ఏ, సి అని నిండుగా రాసుకుంటారు, కొందరు మధ్యలో ఏ ఎగరగొడతారు, ఇంకొందరు ఎమ్ పక్కన చిన్న గీత పెట్టి ఊరుకుంటారు.

"ఎలా రాసినా సొరుగు ఒకటే. మావాళ్లు రాసేది ఒకటి, పలికేది ఒకటి. ఒకే పేరుని ఒకింట్లో మెకే అంటారు, ఇంకో ఇంట్లో మెకాయ్ అంటారు. నువ్వు ఊహించి పిలవకు. దగ్గరికెళ్లి వాళ్లనే అడుగు," అన్నారు.

అడిగాను. డాల్జీల్ అని రాసున్నాయన తన పేరు డీయెల్ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పలకనప్పుడు ఆ అక్షరాలన్నీ మొయ్యడం ఎందుకు? ఇలా కాదని, ప్రతి ఫైలు మూలన ఆ మనిషి పలికినట్టే తెలుగులో పెన్సిల్‌తో రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో తడుముకోకుండా పిలిచేదాన్ని. తమ పేరు సరిగ్గా వినబడగానే ఆ ముసలి మొహాలు విప్పారేవి. నన్ను మాత్రం, ఆ పెద్దావిడతో సహా, అందరూ నా పేరులో మొదటి రెండక్షరాలు పట్టుకుని పిలిచేవాళ్లు. పోనీలే అనుకున్నాను.

ట్రయల్ ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా, ఒకే పొద్దున రెండు ఫైళ్లు బయటికొచ్చాయి. ఒకటి ఒక పెద్దాయనది, ఒకటి ఒక ముసలావిడది. ఆ పేరు ఇక్కడ రాయను. ఇంగ్లీషులో రెండక్షరాలు తేడా. మూలనున్న నా తెలుగు రాత మాత్రం రెంటి మీదా ఒకటే.

మా వైపు రైలెక్కితే ఎదుటి సీటావిడ ముందు ఇంటిపేరు అడుగుతుంది. తెనాలి దాటేలోపు ఎవరికి ఎవరు ఏమవుతారో తేలిపోతుంది, అరిటిపళ్లు చేతులు మారతాయి. పైగా క్లాన్ అంటే ఒకే పెద్ద కుటుంబమని మా పెద్దావిడే చెప్పారాయె. ఇంక నా ప్రాణం ఊరుకుంటుందా? పెద్దాయన్ని చెయ్యిపట్టి తీసుకెళ్లి, మూల కుర్చీలో ఉన్నావిడ పక్కన కూర్చోబెట్టాను.

"మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లు, తెలుసా!" అన్నాను, గదంతా వినబడేలా.

ఆవిడ మొహం పాలిపోయింది. లేచి, కోటు తీసుకుని, డాక్టర్ని చూడకుండానే వెళ్లిపోయింది.

"మా వదిన," అన్నాడు పెద్దాయన నేల చూస్తూ. "పాతికేళ్లుగా మాటల్లేవు. నా పేరుతో కలవకూడదనే మా అన్న తన పేరులో ఆ రెండక్షరాలు మార్చుకున్నాడు. అన్న పోయినప్పుడు కూడా నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు."

చుట్టరికం సరిగ్గానే పట్టుకున్నాను. అదే నా కొంప ముంచింది. ఒక పేషంట్ సంగతి ఇంకో పేషంట్‌కి చెప్పకూడదన్నది అక్కడి మొదటి రూలు. ఆవిడ ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చింది. డాక్టర్ మండిపడ్డాడని విన్నాను. మూడు రోజులు తలుపు చప్పుడైతే చాలు, నన్ను పిలవడానికే అనుకునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దావిడ పిలిచారు. బల్ల మీద పది ఫైళ్లున్నాయి.

"ఈ గీతలేమిటి?"

ఒక్కొక్కటే చదివి వినిపించాను. మెకే. మెకాయ్. డీయెల్. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అడగమని నీకు నేర్పింది నేనే. మూడు నెలల్లో నిన్ను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నీ పేరు మొత్తం చెప్పు."

మన పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి చెప్పాను. ఆవిడ మూడుసార్లు పలికి, తన అక్షరాల్లో కాగితం మీద రాసుకున్నారు.

"నిన్ను ఉంచమని డాక్టర్ని ఆఖరిసారి అడిగి వస్తాను. వెయిటింగ్ రూమ్‌లో కూర్చో."

పేషంట్ల మధ్య కూర్చున్నాను. ఉంచుకుంటారేమోనని ఆశ. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, ఇంటిపేరుతో మొదలుపెట్టి నా పేరు మొత్తం పిలిచారు. ఒక్క అక్షరం తప్పలేదు. గదిలో వాళ్లంతా తలెత్తి చూశారు.

అమెరికా వచ్చాక నా పేరు ఎవరైనా అలా పిలవడం అదే మొదటిసారి. సంతోషంతో గబుక్కున లేచాను. రెండడుగులు వేశాక చూశాను, ఆవిడ చేతిలో ఇంటికెళ్లేటప్పుడు వేసుకునే నా కోటు ఉంది.