అత్త నిలబెట్టిన నడుము

నాయన నడుమును చెడగొట్టింది నా పాదమేనా? పదేళ్ల వయసు నుంచి ఈ ప్రశ్న మోస్తున్నాను. దానికి జవాబు చెప్పిన ఒకే ఒక్క మనిషి, మా ఊరి అత్త, పోయిన వారం గిద్దలూరులో కూతురింట్లో కన్నుమూసిందని నిన్న కార్డు వచ్చింది.

ఆమె మాకు బంధువు కాదు, ఊరందరికీ అత్తే. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ, దొరసాని డాక్టరు దగ్గర కీళ్లూ నడుములూ చూడటం నేర్చుకుంది. రోగిని ముట్టుకునే ముందు చేతులు రుద్ది వెచ్చచేసుకుని, కళ్లు మూసి ఒక్క మాట ప్రార్థన చేసుకునేది.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. పలకల గనుల్లో పనిచేసేవాళ్లు తెల్లారేసరికి మా అరుగు మీద బోర్లా పడుకునేవాళ్లు. "పాపా, ఒక్క తొక్కు తొక్కమ్మా" అని బతిమాలుతుంటే నాకెంత గొప్పగా ఉండేదో.

ఒకరోజు నాయన పలకల కట్ట బండికెత్తబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. అందరూ చూస్తుండగా నేను నడుమెక్కి తొక్కాను. నాయన అరిచాడు. మర్నాటికి ఎడమకాలు మడమ దాకా తిమ్మిరి, మంట. చూడవచ్చినవాళ్లు "ఇంక మంచమే" అన్నారు.

మూడో రోజు అత్త వచ్చింది. నాయన చేత బొటనవేలు ఎత్తించింది. కాలి మీద ఈకతో గీసి తెలుస్తోందా అంది. ఒంటికీ రెంటికీ ఇబ్బంది ఉందా అని మొహమాటం లేకుండా అడిగింది.

"ఉంటే ఇప్పుడే బండి కట్టి ఆసుపత్రికి తోలాల. లేదు గదా, బతికినాం. ఇంక లెయ్యి అన్నా."

"లేచేవాణ్ణయితే నిన్నెందుకు పిలిపిస్తా?"

"నోరు బాగనే లేస్తాంది గదా. దాని ఎనకాలే నడుమునూ లేపు."

ఉప్పు మూటతో కాపడం, బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తడం, గడప దాకా నడక, ఆనక కొట్టం దాకా. రోజూ పొద్దున్నే "నొప్పి యాడుంది?" అని అడిగేది. మడమలోంచి పిక్కలోకి వచ్చింది. ఒకనాడు నాయన "పిరుదులో పట్టుకుంది, నిన్నటికంటే గట్టిగా" అని మొరపెట్టుకుంటే అత్త చప్పట్లు కొట్టింది.

"పైకెక్కుతాందంటే ఇంటికి పోతాందని. కిందికి దిగితేనే నాకు చెప్పు."

ఆ పూట అమ్మ కడుపునిండా తిన్నది. నెలన్నర తర్వాత నాయన బండి కట్టాడు. మోకాళ్లు వంచి, కట్టను పొట్టకు ఆనించుకుని ఎత్తడం అత్తే ఎదురుగా నిలబడి నేర్పింది. ఆ నడుముతోనే ఆయన ముసలితనం దాకా బండి తోలాడు.

నేను మాత్రం మళ్లీ ఎవరినీ తొక్కలేదు. మద్రాసులో బి.ఏ. చదివినా ఆ అరుపు చెవిలోంచి పోలేదు. పోయిన వేసవిలో గిద్దలూరు వెళ్లి అత్తనే అడిగాను. ఆమె నా పాదం ఒళ్లోకి లాక్కుని అరికాలు ఒత్తుతూ నవ్వింది.

"ఏంది పాపా, ఇన్నేండ్లూ ఇదే మోసినావా? బండి కాణ్ణుంచి తెచ్చేటప్పుడే మీ నాయన ఎడమకాలు ఈడుస్తా ఉన్నాడు. నా కండ్లతో చూసినా. నువ్వు తొక్కకముందే."

ఏడ్చేశాను. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

తిరుగు రైల్లో గుర్తొచ్చింది, అత్త వచ్చింది మూడో రోజు కదా అని. ఆ మొదటిరోజు కూడా ఊళ్లో ఉందేమో, నాకే తెలియదేమో. లేక ఎదురుగా కూర్చున్న నన్ను చూసి అప్పటికప్పుడు అల్లి చెప్పిందేమో. చిత్రమేమిటంటే, ఈ అనుమానం వచ్చాక కూడా దిగిన బరువు మళ్లీ ఎక్కలేదు. ఆమె చూసిందే చెప్పిందా, నా కోసం చెప్పిందా అన్నది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.